‘అట’ వదిలేయండి అని రాసింది నేనే

మొన్న మొయినాబాద్ దగ్గరి ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు పిలిస్తే వెళ్లాను. కంప్యూటర్లకు తెలుగు చదవడం నేర్పినవాడని పరిచయం చేసి, శాలువా కప్పి, మైకు చేతికిచ్చారు. చివర్లో ప్రశ్నలు అడగమంటే మూడో వరసలోంచి ఒక అమ్మాయి లేచి, “సార్, మీ సర్వీసుల మీరు చేసిన పెద్ద తప్పు ఏంది సార్?” అంది. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఒకసారి సరిగ్గా పరీక్షించకుండా ప్రోగ్రామును వదిలామనీ, ఒక పూటంతా సర్వర్లు ఆగిపోయాయనీ ఏదో చెప్పాను. చప్పట్లు కొట్టారు.

అది తప్పే. పెద్ద తప్పు మాత్రం కాదు. ఆ అమ్మాయి అడిగినదానికి జవాబు నాకు తెలుసు, అంతమంది ముందు చెప్పలేకపోయాను. ఆ హాల్లో కూర్చున్న పిల్లల్లో చాలామంది ఈ పనిలోకే వెళ్తున్నారు. అందుకని రాస్తున్నాను.

మా పని

నేను భాషాశాస్త్రం చదువుకున్నవాణ్ని. తెలుగు క్రియల చివర్ల మీద డాక్టరేట్ చేశాను. ‘వచ్చాడు’కు ‘వచ్చాడుగా’ ఎందుకు వేరు, ‘వచ్చాడో’ ఎందుకు వేరు అని అయిదేళ్లు కూర్చుని రాశాను. అలాంటి చదువుకు ఉద్యోగం దొరకదని మా బాపు బెంగపెట్టుకునేవాడు. మాది కనకమామిడి. పొలం, పత్తి, కూరగాయలు. చివర్ల మీద చదువేమిటో ఆయనకు అర్థం కాలేదు, నేనూ అర్థమయ్యేలా చెప్పలేకపోయాను.

తర్వాత ఒక కంపెనీ పిలిచింది. ఇంటర్నెట్‌లో ఉన్న తెలుగు పేజీలన్నీ కంప్యూటర్ తనంతట తానే చదివి, అందులోంచి విషయాలు ఏరి దాచుకోవాలి. ఫలానా ఊరు ఫలానా మండలంలో ఉంది, ఫలానా ఆయన ఫలానా పదవిలో ఉన్నాడు, ఈ పురుగుకు ఈ మందు. ఇలాంటివి లక్షల్లో. ఎవరో ఒకరు కూర్చుని ఎక్కించడం కుదరదు కాబట్టి అదే చదువుకోవాలి. దానికి చదువు చెప్పడం మా పని.

చెప్పే పద్ధతి పిల్లలకు చెప్పినట్టే ఉంటుంది. పది నదుల పేర్లు ఇస్తాం. అది పేజీలు వెతికి, ఆ పేర్లు ఎలాంటి వాక్యాల్లో వస్తున్నాయో చూసుకుంటుంది. ‘ఫలానా ఉప్పొంగింది’, ‘ఫలానా ఒడ్డున’ అని వస్తే అది నది అయి ఉంటుందని ఊహిస్తుంది. ఆ ఊహతో పదకొండో నదిని పట్టుకుంటుంది, దాంతో పన్నెండోది. ఒక విషయం కనీసం మూడు వేర్వేరు చోట్ల కనబడితే నమ్ముతుంది. నమ్మినదాన్ని మనుషులు అక్కడక్కడా సరిచూస్తారు. ఆ సరిచూసే మనుషుల కోసం మొయినాబాద్‌లో, బీజాపూర్ రోడ్డు మీద ఒక నర్సరీ వెనక రెండంతస్తుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి డిగ్రీ చదివిన ఆడవాళ్లు స్కూటీల మీద, ఆటోల్లో వచ్చేవారు. తెరమీద వాక్యం, కింద మిషన్ దాన్నుంచి ఏం నేర్చుకుందో కనబడుతుంది. అవునో కాదో నొక్కాలి. ఆ కేంద్రానికి నేను ఇన్‌చార్జిని.

ఏం నొక్కాలో చెప్పే నియమాల పుస్తకం నేనే రాశాను. ఇంగ్లీషులో ‘ఫ్యాక్ట్’ అన్న చోటల్లా తెలుగులో ‘నిజం’ అని పెట్టాను. ‘పేజీలో ఉన్న మాట’ అని పెట్టి ఉంటే చదివేవాళ్లకూ, రాసిన నాకూ కూడా మేం చేస్తున్నదేమిటో గుర్తుండేదేమో. ‘ఈ వారం ఎన్ని నిజాలు వచ్చినయి?’ అని ఒకరినొకరు అడుగుతూ ఏళ్లు గడిపాం.

జనసంద్రం అనే సముద్రం

మొదటి ఏడాది నవ్వులతోనే గడిచింది. ఒకరోజు సముద్రాల జాబితా తెరిస్తే బంగాళాఖాతం కింద ‘జనసంద్రం’ అని ఉంది. ఎక్కడుంది అని చూస్తే చేవెళ్లలో. ఎన్నికల సభ జరిగినప్పుడల్లా ‘జనసంద్రమైన చేవెళ్ల’ అని రాస్తారు కదా, దాన్ని పట్టుకుంది. మర్నాటికి ఇంకా ముందుకు పోయింది. ‘ఊరు జనసంద్రంగా మారింది’ అన్న వాక్యం చూసి, ‘గా మారింది’ ముందు వచ్చేవన్నీ సముద్రాలే అనుకుంది. అలా శ్మశానం, బురదగుంట, పెళ్లిపందిరి కూడా సముద్రాల్లో చేరిపోయాయి.

అది చూసి కేంద్రంలో అందరూ పడీపడీ నవ్వారు. నేను నవ్వుతూనే సరిచేశాను. ఒక తప్పును నమ్మితే ఆ తప్పే పాఠం చెప్పి ఇంకో పది తప్పులు నేర్పుతుందని ఆ రోజే కళ్లారా చూశాను. సముద్రం విషయంలో ఎవరికీ నష్టం లేదు కాబట్టి దాన్ని నవ్వుకునే కథగానే దాచుకున్నాను. మనిషి విషయంలోనూ ఇలాగే జరుగుతుంది కదా అని ఆలోచించాల్సింది అప్పుడే.

ప్రభాకర్ గారు

మా డైరెక్టర్ ప్రభాకర్ గారి దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. మిషన్ తప్పు చేసిందని ఎవరైనా విసుక్కుంటే ఆయన ఊరుకునేవాడు కాదు. “దాన్ని తిట్టకండి. ఆ పేజీ దానికి ఎవరిచ్చారో, ఆ నియమం ఎవరు రాశారో చూడండి” అనేవాడు. ఆ మాట ఇప్పటికీ సరైనదే.

ఆయన బలహీనత అంకెలు. ప్రతి మూడు నెలలకూ హిందీవాళ్లు, తమిళంవాళ్లు, మేము పక్కపక్కన కూర్చుని మా మా మిషన్లు ఎన్ని విషయాలు నేర్చుకున్నాయో చూపించాలి. తెలుగు ఎప్పుడూ చివరే. కారణం నాకు తెలుసు. తెలుగులో ఒక్క క్రియ వంద రూపాల్లో కనబడుతుంది. అమ్మాడు, అమ్మిండు, అమ్మాడుగా, అమ్మాడట, అమ్మిండంట. మిషన్‌కు ఇవన్నీ వేర్వేరు మాటలు. అందుకే ఒకే విషయం మూడు చోట్ల ఉన్నా మూడుగా లెక్కకు రాదు.

“మీరు క్రియల డాక్టరు కదా, ఏదైనా మందివ్వండి” అన్నాడాయన ఒకసారి, నవ్వుతూనే.

మందిచ్చాను. క్రియల చివర్లు కత్తిరించే ప్రోగ్రాము రాశాను. గా, కదా, మరి, అట, అన్నీ పోయి క్రియ మొదలు మాత్రం మిగులుతుంది. నియమాల పుస్తకంలో కూడా ఒక వాక్యం చేర్చాను: ‘వాక్యం చివర అట, కదా వంటివి ఉంటే వాటిని పట్టించుకోనక్కర లేదు, వదిలేయండి.’ ఆ మూడు నెలల్లో తెలుగు హిందీని దాటింది. ప్రభాకర్ గారు అందరి ముందూ నాకు షేక్‌హ్యాండ్ ఇచ్చాడు. ఆ చప్పట్లు నాకు నచ్చాయి. దాచుకోవడం దేనికి.

స్వరూప

కేంద్రంలో స్వరూప అనే అమ్మాయి ఉండేది. ముప్పై ఏళ్లుంటాయి. ఎంకపల్లి కోడలు, పుట్టిల్లు చేవెళ్ల అవతల పల్లె. బీకాం చదివింది. తక్కువ మాట్లాడేది, తెరమీది వాక్యాన్ని రెండుసార్లు చదివేది. అందుకని ఆమె లెక్క మిగతావాళ్లకన్నా తక్కువ వచ్చేది. దాని గురించి నేను ఒకసారి మందలించాను కూడా.

కొత్త నియమం వచ్చిన వారానికి ఆమె నా గదికి వచ్చింది.

“సార్, గీ అట వదిలేయమన్నరు గద. వదిలేస్తె మాట మారుతది సార్.”

“ఏం మారుతదమ్మా? విషయం అదే గదా.”

“కాదు సార్. ‘అమ్మిండు’ అంటే చూసినోడు చెప్పిన మాట. ‘అమ్మిండట’ అంటే విన్నోడు చెప్పిన మాట. రెండూ ఒకటెట్ల అయితయి?”

నా డాక్టరేట్‌లో నలభై పేజీల అధ్యాయం సరిగ్గా ఇదే చెబుతుంది. ఆమె దాన్ని రెండు వాక్యాల్లో చెప్పేసింది. అయినా నేను, “మూడు చోట్ల కనబడితేనే నమ్ముతది కదా, పుకారైతే మూడు చోట్ల ఎందుకుంటది?” అన్నాను.

“పుకారే గద సార్ ఎక్కువ చోట్ల ఉండేది” అంది.

అప్పుడే ఆగి ఉండాల్సింది. చూద్దాంలే అన్నాను. ఆమె వెళ్లిపోయింది.

ఆ ఏడాది మిరుగం, అంటే మృగశిర కార్తె, రాకముందే మబ్బులు కమ్మి ఒక వాన పడింది. అది నమ్ముకుని చేవెళ్ల వైపు కొందరు రైతులు పత్తి వేశారు. తర్వాత మూడు వారాలు చుక్క లేదు. విత్తనం భూమిలోనే మాడిపోయింది. మొలవకపోతే మొదట అనుమానం పోయేది విత్తనం మీదికే. ఆ విత్తనం చాలామంది కొన్నది చేవెళ్లలో పాండురంగం సేటు దుకాణంలో. ఒక చిన్న వార్తల వెబ్‌సైటు నాలుగు వాక్యాలు రాసింది. దుకాణం పేరు, ఆయన పేరు పెట్టి, నకిలీ విత్తనాలు అమ్మాడట, రైతులు గోడు వెళ్లబోసుకుంటున్నారు అని. నిజాయితీగా చెప్పాలంటే ఆ రాసినవాడు జాగ్రత్తగానే ‘అట’ పెట్టాడు. దాన్ని తీసేసింది నా ప్రోగ్రాము.

ఆ వార్తను ఇంకో మూడు సైట్లు ఎత్తి రాసుకున్నాయి. మూడు చోట్లు దాటింది కాబట్టి మిషన్ నమ్మింది. పాండురంగం, నకిలీ విత్తనాలు అమ్మాడు. ఆ వాక్యం సరిచూడటానికి వచ్చింది స్వరూప తెరమీదికి.

ఆమె అవునూ నొక్కలేదు, కాదూ నొక్కలేదు. నన్ను పిలిచింది.

“సార్, ఈ నాలుగు సైట్లు ఒక్కటే. సూడుండ్రి, ముడిమ్యాల అని ఊరి పేరు రాసిన కాడ నాలుగింటిల ఒకటే తప్పు. చూసి రాసుకున్నరు.” తర్వాత నా వైపు తిరిగి అంది. “మా బాపు గదే దుకాణంల గదే విత్తనం తెచ్చిండు సార్. జర ఆగి, రెండో వాన పడ్డంక వేసిండు. మాది మొలిచింది.”

“మీ బాపు మాట పేజీలో లేదు కదమ్మా” అన్నాను. “మనకు బయట తెలిసింది ఇక్కడ వాడొద్దు. పేజీలో ఉన్నదా లేదా అన్నదే చూడాలి. నియమం అది.”

“పేజీల అట అని ఉన్నది సార్.”

“అది వదిలేయమన్నాం కదా.”

ఆమె నా మొహం చూసింది. తర్వాత తెరవైపు తిరిగి ‘అవును’ నొక్కింది. ఆ వేలు ఆమెదే కానీ నొక్కించింది నేను.

పాండురంగం సేటు వచ్చిన రోజు

మా మిషన్ నేర్చుకున్నవాటిని ఇంకో కంపెనీ కొనుక్కునేది. రైతు ఫోన్ చేసి తెలుగులో అడిగితే తెలుగులో జవాబు చెప్పే సేవ వాళ్లది. మంచి సేవే. ఏ పురుగుకు ఏ మందు, ఏ మార్కెట్లో టమాటా ధర ఎంత, అన్నీ చెప్పేది. మాకు గర్వంగా ఉండేది.

మరుసటి ఏడాది ఎండాకాలం చివర, ఒక ఉదయం కేంద్రం ముందు ఒక పెద్దాయన ఆటో దిగాడు. తెల్లచొక్కా, ధోతి, చేతిలో ప్లాస్టిక్ కవరు. లోపలికి వచ్చి, కూర్చోమన్నదాకా నిలబడే ఉన్నాడు.

“నా పేరు పాండురంగం సార్. చేవెళ్లల విత్తనాల దుకాణం. మీ కంప్యూటర్ నా గురించి ఏదో చెప్తున్నది. ఫోన్ల జవాబు చెప్పేటోళ్లను అడిగితె మీ ఆఫీసు పేరు చెప్పిండ్రు.”

జరిగింది చెప్పాడు. పోయిన వారం ఒక రైతు దుకాణం ముందే నిలబడి, ఫోన్ స్పీకర్లో పెట్టి, చేవెళ్లలో పత్తి విత్తనం ఎక్కడ కొనాలని అడిగాడట. ఆడగొంతు రెండు దుకాణాల పేర్లు చెప్పి, పాండురంగం దుకాణంలో నకిలీ విత్తనాలు అమ్మారు, జాగ్రత్త అంది. బల్ల వెనక కూర్చుని ఆయనే విన్నాడు. ఆ రైతు ఫోన్ జేబులో పెట్టుకుని, కళ్లెత్తకుండా, మల్లొస్త సేటూ అని వెళ్లిపోయాడు.

“కంప్యూటర్‌కు ఎవరు చెప్పిండ్రు సార్?”

“ఎవరూ చెప్పలేదండీ. ఇంటర్నెట్ పేజీలు చదివి అదే నేర్చుకుంటుంది.”

“చదివినోడు అడుగుతడు గద సార్, ఇది నిజమేనా అని. రాసినాయన్ను అడిగిందా? నన్ను అడిగిందా?”

ఆయన కవరులోంచి ఒక కాగితం తీసి బల్లమీద పెట్టాడు. వ్యవసాయ శాఖ వాళ్లు ఆ విత్తనం శాంపిల్ తీసుకెళ్లి పరీక్ష చేయించిన రిపోర్టు. విత్తనంలో లోపం లేదు, మొలక శాతం సరిగ్గానే ఉంది అని సంతకం, ముద్ర. మడతల దగ్గర చిరిగి, టేపు అంటించి ఉంది. ఎంతమందికి చూపించాడో.

“దీన్ని చూపియ్యుండ్రి దానికి” అన్నాడు.

“ఇది కాగితం కదండీ. అది ఇంటర్నెట్‌లో ఉన్నవే చదువుతుంది. ఇది ఏ సైటులోనైనా ఉంటే...”

“ఎవరు రాస్తరు సార్? మొలవలేదంటె రాస్తరు. దుకాణం మంచిదే అంటె వార్తనా అది?”

“మీరే ఒక పేజీ పెట్టుకోవచ్చు.”

ఆయన కాగితం జాగ్రత్తగా మడిచాడు. “నేను దొంగను కాదని నేనే రాసుకోవాల్నా?” అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త తేలికయ్యేది.

ఆయన ముందే ఆ విషయాన్ని చెరిపేశాను. తెర ఆయన వైపు తిప్పి చూపించాను. చేతులు జోడించి లేచాడు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, “మీది కనకమామిడి గద? మీ బాపు పోలిక ఉన్నది. ఆయన మా దుకాణంలనే కొంటుండె. ఫికర్ లేకుండ కొంటుండె” అన్నాడు. నాకు గుర్తొచ్చింది. చిన్నప్పుడు బాపు వెంట వెళ్తే, బల్లమీద సీసాలోంచి ఒక బెల్లం అచ్చు తీసి ఇచ్చిన మనిషి ఈయనే. ఆయన చెప్పేదాకా నేను గుర్తుపట్టలేదు.

చెరిపినా పోలేదు

రెండు వారాలకు అది మళ్లీ వచ్చింది. చెరిపాం గానీ చదవడం ఆపలేదు కదా. ఈసారి బలం కూడా పెరిగింది. వెతికితే కారణం దొరికింది. రైతులకు జవాబు చెప్పే ఆ సేవ మాటనే పట్టుకుని ఎవరో ‘చేవెళ్లలో జాగ్రత్త పడాల్సిన దుకాణాలు’ అని రాశారు. దాన్ని ఇంకొందరు ఎత్తుకున్నారు. మా మిషన్ ఆ పేజీలు చదివి, తాను ముందే అనుకున్నది నిజమేనని తేల్చుకుంది. తన మాటే తిరిగి తన చెవిన పడితే అది సాక్ష్యం అనుకుంది.

మళ్లీ చెరిపాను. మళ్లీ వచ్చింది.

ప్రభాకర్ గారికి ఫోన్ చేశాను. అంతా విన్నాడు. “చేత్తో చెరపడం మొదలుపెడితే రేపు ప్రతివాడూ గుమ్మం ముందుంటాడు. మూలం సరిచేయండి” అన్నాడు. మూలం అంటే నా కత్తెర. ‘అట’ను మళ్లీ నిలబెట్టాలి, ఒకదాన్నొకటి ఎత్తి రాసుకున్న పేజీలను ఒక్కటిగా లెక్కించాలి, మొదటి నుంచి అన్నీ మళ్లీ చదివించాలి. నెలల పని. మూడు నెలల అంకెలు అయ్యాక మొదలుపెడదాం అన్నాడు. నేను ఒక ఉత్తరం రాశాను, వివరంగా, మర్యాదగా. ‘చూశాను’ అని జవాబొచ్చింది. నా బాధ్యత తీరిందనుకున్నాను.

పెద్ద ఆఫీసుల్లో మనస్సాక్షికి దొరికే తేలికైన మందు ఈ ఉత్తరమే. రాసి ఫైల్లో పెట్టుకుంటే నిద్ర పడుతుంది. నాకూ పట్టింది. మీటింగులో లేచి నిలబడి, ఇది ఆపేదాకా తెలుగు అంకెలు చూపించను అని చెప్పగలిగేవాణ్ని. మహా అయితే ఉద్యోగం పోయేది. అప్పటికి రిటైర్మెంట్ దగ్గర్లోనే ఉంది. పెద్ద ధైర్యం కూడా అక్కర్లేదు.

విత్తనాల దుకాణానికి ఏడాది అంటే మిరుగం ముందు, వెనక కొన్ని వారాలే. ఆ వారాలు వచ్చాయి, పోయాయి.

జూలై మధ్యలో స్వరూప నా గదికి వచ్చి రాజీనామా కాగితం ఇచ్చింది. ఎందుకని అడిగాను.

“మా బాపు ఈసారి పాండురంగం సేటు కాడికి పోలే సార్” అంది. “వేరే దుకాణంల తెచ్చిండు. నీకు మొలిచింది గద బాపు, నీ కండ్లతోని చూసినవ్ గద అన్న. మొలిచింది బిడ్డా, కని ఫోన్లనే చెప్తున్నదట గద, ఏమో ఎవరికెరుక అన్నడు.”

నేను ఏదో అనబోయాను.

“నేనే నొక్కిన సార్ అవునని. మా బాపుకు ఎట్ల చెప్పాలె?”

కాగితం మీద సంతకం పెట్టమని పక్కన నిలబడింది. పెట్టాను. ఆమె తర్వాత నర్సరీలో లెక్కలు చూసే పనికి చేరిందని విన్నాను. మా కేంద్రం ముందున్న నర్సరీయే. పొద్దున కారు దిగుతుంటే అప్పుడప్పుడు ఎదురయ్యేది. నమస్తే సార్ అనేది. ఏనాడూ ఆగలేదు.

మీరు ఈ పనిలో చేరాక, మీ కింద నెమ్మదిగా పనిచేసే మనిషి ఒకరు తప్పకుండా ఉంటారు. వాళ్ల లెక్క తక్కువొస్తుంది. వాళ్లను మందలించే ముందు ఏం చదువుతూ ఆగిపోయారో అడగండి. నేను ఇరవై ఆరేళ్లలో రాసిన ప్రోగ్రాములన్నిటికన్నా ఆ అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్న విలువైనది. దాన్ని చూద్దాంలే అని పక్కన పెట్టాను.

చేవెళ్లకు వెళ్లాను

చలికాలం వచ్చేసరికి కొత్త ప్రోగ్రాము తయారైంది. ‘అట’ ఉన్న వాక్యాలు వేరే గంపలో పడతాయి, విన్న మాట అనే గుర్తుతో. మొదటి నుంచి మళ్లీ చదివించాం. మేం నిజాలని మురిసిపోయినవి ఎన్నో రాలిపోయాయి. తెలుగు మళ్లీ చివరికి వెళ్లింది. ప్రభాకర్ గారు ఆ పట్టిక చూసి, “ఇది ముందే చేయాల్సింది” అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

పాండురంగం విషయం పోయింది. నెల రోజులు ప్రతిరోజూ చూశాను. రాలేదు. అప్పుడు చేవెళ్ల బయల్దేరాను.

దుకాణం ఉన్న చోట మొబైల్ ఫోన్ల కొట్టు ఉంది. పాత బోర్డు మీదే కొత్త ఫ్లెక్సీ కట్టారు. అడిగితే ఇల్లు చూపించారు, మార్కెట్ వెనక సందులో. ఆయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేవబోయాడు, వద్దన్నాను.

“మొన్న దసరకు తీసేసిన సార్ దుకాణం” అన్నాడు అడగకముందే. “తెచ్చిన మాలు తెచ్చినట్టే ఉండె. కంపెనీకి వాపస్ పంపిన. ఎవ్వలు కొట్లాడలే, ఎవ్వలు తిట్టలే. తిడితే జవాబన్న చెప్తుంటి. ముంగట్నుంచే పోతుండ్రి, వేరేటోళ్ల సంచి బండి మీద పెట్టుకొని. సేటూ బాగున్నవా అని అడుగుతుండ్రి గూడ.”

ఆయన భార్య చాయ్ తెచ్చి ఇద్దరి మధ్యా స్టూలు మీద పెట్టింది. నేనెవరో ఆమెకు చెప్పలేదాయన. మన దుకాణంల కొనే కనకమామిడి పటేల్ కొడుకు అన్నాడంతే.

“తీసేసినం సేటూ” అన్నాను. “ఇగ రాదు. అన్ని పేజీలు మళ్లా చదివించినం. తప్పు నాదే. నేను రాసిన నియమం వల్ల అట్ల అయింది.”

ఎన్నో రోజులుగా మనసులో అనుకుంటూ వచ్చిన మాటలవి. ఆయన తల ఊపాడు. కోపం వస్తుందేమోనని చూశాను, రాలేదు.

“ఇప్పుడు నా పేరు చెప్పి అడిగితె ఏమంటది?”

“ఏమనదు. చెడ్డగ ఏం రాదు.”

“అడుగు సార్. నేను వింట.”

ఫోన్ తీసి ఆ సేవకు కలిపి, స్పీకర్లో పెట్టాను. చేవెళ్ల పాండురంగం విత్తనాల దుకాణం గురించి చెప్పమన్నాను. ఆడగొంతు మర్యాదగా పలికింది. “క్షమించండి, ఈ పేరు గురించి నా దగ్గర ఎలాంటి సమాచారం లేదు.”

ఆయన కుర్చీలో ముందుకు వంగి విన్నాడు. ఇంకేమైనా చెబుతుందేమోనన్నట్టు ఫోన్ వైపే చూస్తూ ఉండిపోయాడు.

“యాబై ఏండ్లు కూసున్న సార్ ఆ గద్దె మీద” అన్నాడు. “గీ చుట్టుపక్కల పొలాలల్ల పోసిన గింజ సగం నా చేతి మీది నుంచి పోయిందే. ఏం లేదా?”

“లేదు సేటూ. ఎవరూ రాయలేదు.”

ఆయన భార్య గుమ్మంలో నిలబడి వింటోంది. ఆయన చొక్కా అంచు సర్దుకుని, గొంతు సవరించుకున్నాడు.

“ఇంకొక్కసారి అడుగు సార్” అన్నాడు. “జర పేరు గట్టిగ చెప్పి అడుగు.”

గట్టిగా చెప్పి అడిగాను. అదే జవాబు వచ్చింది.